పీహెచ్ కోటానా, ప్రైవేటా, సొంత కొట్టా? వికలాంగులకు ఏ దారి ఎవరికి కుదురుతుంది

నా వికలాంగ సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజే మా ఇంట్లో నా భవిష్యత్తు తేల్చేశారు. "ఇంకేం, పీహెచ్ కోటా ఉందిగా, గవర్నమెంటు ఉద్యోగం ఖాయం" అన్నాడు మేనమామ. "అదెప్పటికి రావాలి, ఓ జిరాక్స్ మిషన్ కొనిస్తే కూర్చుని చేసుకుంటాడు" అన్నాడు పెదనాన్న. అక్క హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "ఇక్కడ కంపెనీల్లో తీసుకుంటున్నారు, వచ్చెయ్‌రా" అంది. ముగ్గురూ నా మంచి కోరే చెప్పారు. కానీ చేరిన ఉద్యోగంలో నేను ఆర్నెల్లు నిలబడగలనా అని ఒక్కరూ అడగలేదు.

నాకు ఎడమ కాలికి పోలియో. కాలికి ఊతంగా క్యాలిపర్ బిగించుకుని నడుస్తాను. ఆరేళ్లు ప్రైవేటులో చేశాను, మధ్యలో ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను, మూడో ప్రయత్నంలో కోటా కింద బ్యాంకు క్లర్కునయ్యాను. ఉద్యోగం దొరకడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం ఇంకో ఎత్తు. మనకు వచ్చే సలహాలన్నీ మొదటి దాని గురించే ఉంటాయి కాబట్టి, నేను రెండో వైపు నుంచి మొదలుపెడతాను.

పేరు గురించి ఒక్క మాట. ప్రభుత్వ కాగితాల్లో ఒకచోట దివ్యాంగులు అని ఉంటుంది, ఇంకోచోట విభిన్న ప్రతిభావంతులు అని. పేరు మారినంత మాత్రాన మెట్లు తగ్గలేదు. మాలో మేం వికలాంగులమనే అనుకుంటాం, ఇక్కడా అదే వాడుతున్నాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

కాగితం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కోటా కావాలంటే వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. డాక్టర్లు పరీక్షించి ఇచ్చే సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్‌లో పర్సంటేజీ ఒక్కటే చూసుకుంటే చాలదు. అది పర్మనెంటా, టెంపరరీయా అన్నది కూడా చూడండి. టెంపరరీ అయితే గడువు తేదీ రాసిపెట్టుకోండి. ఉద్యోగానికి ఎంపికయ్యాక సర్టిఫికెట్ల పరిశీలన రోజున గడువు దాటిందని తెలిస్తే పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు కూడా తీసి ఉంచుకోండి, కేంద్ర ప్రభుత్వ పథకాల్లో ఎక్కువగా దాన్నే అడుగుతున్నారు.

రానూపోనూ. ఇంటి నుంచి ఆఫీసు దాకా ప్రతి అడుగూ లెక్కపెట్టండి. బస్సు ఎక్కగలరా, దిగిన చోటు నుంచి ఎంత దూరం, ఆఫీసు ఎన్నో అంతస్తు, లిఫ్టు చెడిపోతే ఏం చేస్తారు? బాత్‌రూమ్ సంగతి అడగడానికి చాలామంది సిగ్గుపడతారు. నా మొదటి ఆఫీసు రెండో అంతస్తులో ఉండేది. లిఫ్టు చెడిపోయి మూడు నెలలు బాగు చేయించలేదు. బాత్‌రూమ్ కిందెక్కడో ఉండేది కాబట్టి మధ్యాహ్నం దాకా నీళ్లు తాగేవాణ్ణి కాదు. పని నచ్చినా ఆ ఉద్యోగం వదిలేశాను.

చేతిలో మిగిలేది. జీతం ఎంతో చూసి మురిసిపోకండి, నెలాఖరుకు ఎంత మిగులుతుందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పెన్షన్ నెలకు 6,000 రూపాయలు. తెలంగాణలో 2023లో పెంచిన ఆసరా పెన్షన్ 4,016. ప్రభుత్వ ఉద్యోగం వస్తే పెన్షన్ ఆగుతుంది. ప్రైవేటు జీతమైతే కుటుంబ ఆదాయ పరిమితి లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు ఊరి నుంచి నగరానికి 15,000 జీతానికి వెళ్లారనుకోండి. హాస్టల్‌కు 6,500, ఆటోలకు 2,500, మందులూ ఫోనూ చిల్లర ఖర్చులూ 1,500 పోతే మిగిలేది 4,500. ఆ జీతం వల్ల పెన్షన్ ఆగిపోతే, ఇంట్లో ఉండగా వచ్చే 6,000 కన్నా ఇదే తక్కువ. అందుకని వెళ్లొద్దని అనను. ఆ ఉద్యోగంలో అనుభవం వస్తుందా, రెండేళ్లలో జీతం పెరుగుతుందా అన్న దాన్నిబట్టి నిర్ణయించుకోండి. ఏదైనా సరే, చేరే ముందు ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ, వార్డు సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌నో, తెలంగాణలో అయితే ఎంపీడీవో ఆఫీసులోనో మీ కుటుంబం లెక్క ఏమిటో అడిగి వెళ్లండి.

ఎన్నాళ్లు ఆగగలరు. ఇంట్లో ఎన్నేళ్లు మిమ్మల్ని కూర్చోబెట్టి చదివించగలరో నెలల్లో చెప్పండి. "చూద్దాంలే" అంటే అది జవాబు కాదు.

ముందు ముందు ముదిరే స్థితా? పోలియో లాంటిది చాలావరకు ఉన్నచోటే ఉంటుంది. కండరాల క్షీణత, కొన్ని రకాల చూపు సమస్యలు ఏటికేడు పెరుగుతాయి. రెండో రకం వాళ్లు ఇవాళ చేయగల పనిని కాకుండా అయిదేళ్ల తర్వాత చేయగల పనిని ఎంచుకోవాలి.

## ప్రభుత్వ ఉద్యోగం

1995 చట్టంలో 3 శాతంగా ఉన్న రిజర్వేషన్‌ను 2016 చట్టం 4 శాతం చేసింది. అంధులకు, చూపు తక్కువ ఉన్నవారికి 1, బధిరులకు 1, కాళ్లు చేతుల వైకల్యం ఉన్నవారికి 1. సెరిబ్రల్ పాల్సీ, మరుగుజ్జుతనం, కండరాల క్షీణత, యాసిడ్ దాడి బాధితులు, కుష్ఠు నయమైనవారు ఈ మూడో దాంట్లోకే వస్తారు. నాలుగో శాతం ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకోవడంలో వైకల్యం, మానసిక అనారోగ్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవారికి.

వినడానికి బాగుంటుంది. కానీ వంద పోస్టులు పడితే మీ వర్గానికి వచ్చేది ఒక్కటి. జిల్లా పోస్టుల్లో అయితే ఆ ఒక్కటి కూడా మీ జిల్లాలో పడకపోవచ్చు. పైగా నోటిఫికేషన్‌లో ఆ పోస్టు ఏ వైకల్యాలకు సరిపోతుందని గుర్తించారో కూడా రాస్తారు. ఒక కాలు, ఒక చేయి, రెండు కాళ్లు, చూపు తక్కువ అంటూ పొట్టి ఇంగ్లిష్ అక్షరాల్లో ఇచ్చే ఆ గడి చాలామంది చదవరు. అర్హత లేని పోస్టుకు ఏడాది చదివి, చివర్లో తెలుసుకున్నవాళ్లను చూశాను.

వర్గానికి అర్హులు దొరక్కపోతే ఆ ఖాళీ మరుసటి ఏడాదికి పోతుంది. బ్యాక్‌లాగ్ అనేది దాన్నే. అప్పుడూ దొరక్కపోతే వేరే వైకల్యం వాళ్లకు మార్చి ఇవ్వొచ్చు. అందుకే బ్యాక్‌లాగ్ నోటిఫికేషన్లు మామూలు వాటికన్నా జాగ్రత్తగా గమనించండి, పోటీ కూడా తక్కువ.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు కాలం. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో పడింది. ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయ్యాయి, 2024లో మళ్లీ కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత పెద్ద డీఎస్సీ భర్తీ 2025లో 16,347 పోస్టులతో జరిగింది. నడుమ ఏడేళ్లు. వికలాంగులకు వయసులో పదేళ్ల సడలింపు ఉంటుంది. అది మేలే, కానీ నా స్నేహితుల్లో కొందరికి అదే ఉచ్చయింది. "ఇంకా వయసుంది" అనుకుంటూ ముప్పై ఎనిమిది దాకా కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగారు. రాష్ట్ర పోస్టులకన్నా బ్యాంకులు, స్టాఫ్ సెలెక్షన్ పరీక్షలు దాదాపు ప్రతి ఏడాదీ క్యాలెండర్ ప్రకారం జరుగుతాయి. కాలం లెక్కన నేను వాటివైపే మొగ్గాను.

పరీక్షలో రాయడం కష్టమైనవారికి స్క్రైబ్ (మనం చెబితే రాసిపెట్టే మనిషి), గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఉన్నాయి. స్క్రైబ్ చదువు ఎంత వరకు ఉండాలి, ఎవరు ఏర్పాటు చేస్తారు అన్న నిబంధనలు పరీక్షకు పరీక్షకు తేడాగా ఉంటాయి. హాల్ టికెట్ వచ్చాక కాకుండా దరఖాస్తు రోజే చదవండి.

ఇక నిలుపుకోవడం విషయంలో ప్రభుత్వ ఉద్యోగానికి పోటీ లేదు. చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినా ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి, పోస్టు లేకపోతే అదనపు పోస్టు సృష్టించి కూర్చోబెట్టాలి. ఇది పుస్తకంలో మాట కాదా అంటే, నేరుగా ఈ సెక్షన్ మీద కాకపోయినా, రంగులు సరిగా గుర్తించలేడని డ్రైవర్‌ను ఇంటికి పంపేసిన తెలంగాణ ఆర్టీసీ కేసులో, అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వమని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆయన్ని పంపేసింది 2016లో. హక్కు ఉంది, కానీ అది చేతికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ప్రభుత్వ భవనాలన్నిటికీ ర్యాంపులు ఉంటాయనుకోవద్దు. ఉన్న చాలా ర్యాంపులు వీల్‌చైర్‌ను పైకి తోయలేనంత ఏటవాలుగా ఉంటాయి.

## అవుట్‌సోర్సింగ్

దీని గురించి ఎక్కువ రాయను. పనిచేసేది ప్రభుత్వ ఆఫీసులో, జీతం ఇచ్చేది ఏజెన్సీ. రెండిటిలో ఉన్న ఇబ్బందులూ ఉంటాయి, పర్మనెంట్ ఉద్యోగికి ఉన్న భద్రత ఉండదు. ఇంటికి దగ్గరగా దొరికి, సాయంత్రాలు చదువుకునే వీలుంటే రెండేళ్లకు పనికొస్తుంది. పర్మనెంట్ చేస్తారన్న ఆశతో పదేళ్లు ఉండొద్దు. చేరడానికి లక్షలు అడిగే మధ్యవర్తి ఎదురైతే అక్కడే వెనక్కి తిరగండి.

## ప్రైవేటు ఉద్యోగం

ఇక్కడ కోటా లేదు. కానీ 20 మంది, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోవాలని చట్టం చెబుతోంది. ఏ పోస్టులు వికలాంగులకు సరిపోతాయి, ఏ సదుపాయాలు ఇస్తారు, ఎవరిని కలవాలి అన్నవి అందులో ఉండాలి. ఇంటర్వ్యూలో "మీ ఈక్వల్ ఆపర్చునిటీ పాలసీ చూడొచ్చా" అని మర్యాదగా అడగండి. హెచ్‌ఆర్ ఒక్క నిమిషంలో పంపిస్తే ఆ కంపెనీ మన గురించి ముందే ఆలోచించిందని అర్థం. తెల్లమొహం వేస్తే అన్నీ మీరే నేర్పుకోవాలి.

దొరకడం త్వరగా దొరుకుతుంది. హైదరాబాద్‌లో వికలాంగుల కోసం నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ ఉంది, ఏ పనికి సరిపోతామో పరీక్షించి శిక్షణ, ఉద్యోగాల సమాచారం ఇస్తారు. యూత్ ఫర్ జాబ్స్ లాంటి సంస్థలు కొన్ని వారాల శిక్షణ ఇచ్చి కంపెనీలకు పంపుతాయి. చూపు లేనివారికి ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పునరావాస కేంద్రంలో, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ నేర్పుతారు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. అది వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ ఉద్యోగాల మార్కెట్లో ఉన్న తేడా డిగ్రీ తేడా కన్నా ఎక్కువ.

కంపెనీలన్నీ ఒకేలా ఉండవు, వైకల్యాన్నిబట్టి కష్టమూ మారుతుంది. కాళ్ల సమస్య ఉన్నవాళ్లకు కూర్చుని చేసే పని సులువుగా ఇస్తారు, చిక్కంతా దారిలోనూ రాత్రి షిఫ్టుల్లోనూ వస్తుంది. బధిరులను గోదాములు, హోటల్ వంటగదులు, ప్యాకింగ్ యూనిట్లు బాగానే తీసుకుంటాయి. కానీ మీటింగుల్లో సైగల భాష చెప్పేవాళ్లు ఉండరు, అందరూ నవ్వాక ఎందుకు నవ్వారో తెలియదు, అయిదేళ్లయినా సూపర్‌వైజర్ అవరు. చేరేటప్పుడే "సూచనలన్నీ వాట్సాప్‌లో రాసి పంపాలి" అని ఒప్పందం చేసుకున్న వాళ్లు ఎక్కువకాలం ఉండటం చూశాను. చూపు లేనివారికి అసలు పని కన్నా కంపెనీ వాడే సాఫ్ట్‌వేర్ అడ్డు. ఆఫర్ లెటర్ తీసుకునే ముందే ఆ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తుందో లేదో ఒక గంట కూర్చుని చూస్తానని అడగండి.

డబ్బు విషయంలో రెండు చిన్న సంగతులు. మామూలు ఉద్యోగికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తించే జీతం పరిమితి నెలకు 21,000. వికలాంగులకు 25,000. హెచ్‌ఆర్‌కే ఇది తెలియకపోవడం మామూలు. పాత ఆదాయపు పన్ను విధానంలో వైకల్యం ఉన్నవారికి 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు ఉంది, కొత్త విధానంలో అది లేదు.

ప్రైవేటులో లోటు ఒకటే, అది పెద్దది. 20వ సెక్షన్ రక్షణ ప్రభుత్వ సంస్థలకే. మీ స్థితి ముదిరితే వేరే పని ఇవ్వడం మేనేజర్ మంచితనం మీద ఆధారపడి ఉంటుంది. ఆ మేనేజర్ బదిలీ అయితే కొత్తాయనకు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. అందుకే ఇస్తామన్న ప్రతి సదుపాయాన్నీ ఈమెయిల్‌లో రాయించుకోండి.

## సొంత పని

కృష్ణా జిల్లా మచిలీపట్నం ప్రాంతంలో చూపు లేకుండా పుట్టి, అమెరికాలో ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాద్ కేంద్రంగా బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వికలాంగులకు పని ఇచ్చిన బొల్లా శ్రీకాంత్ కథ అందరూ చెబుతారు. గర్వపడదాం. కానీ మన ఊళ్లో కొట్టు పెట్టుకునేవాడికి ఆయన కథ కన్నా బ్యాంకు లెక్క ఎక్కువ పనికొస్తుంది.

ప్రధానంగా రెండు తలుపులు. ఒకటి, జాతీయ దివ్యాంగుల ఆర్థిక అభివృద్ధి కార్పొరేషన్. ఇక్కడ రుణం మొత్తాన్నిబట్టి వడ్డీ ఏటా 5 నుంచి 9 శాతం దాకా ఉంటుంది, చిన్న రుణానికి తక్కువ వడ్డీ. రెండోది పీఎంఈజీపీ, సొంత ఉపాధికి బ్యాంకు రుణం మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం. అందులో వికలాంగులు ప్రత్యేక వర్గం కిందికి వస్తారు కాబట్టి సొంత వాటా 5 శాతం చాలు. సబ్సిడీ పల్లెలో 35 శాతం, పట్టణంలో 25.

పల్లెలో 4 లక్షలతో జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల కొట్టు అనుకుందాం. మీరు పెట్టేది 20,000. బ్యాంకు ఇచ్చేది 3,80,000. సబ్సిడీ 1,40,000. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ లక్షా నలభై వేలు చేతికి రావు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, కొట్టు నడుస్తోందని తేలాక అప్పులో జమవుతాయి. సబ్సిడీ వస్తుందని ఎవరి దగ్గరో చేబదులు తీసుకుంటే మునుగుతారు.

సొంత పనిలో రానూపోనూ బాధ లేదు, బాత్‌రూమ్ మనదే, ఒంట్లో బాగోలేని రోజు షట్టర్ దించేయొచ్చు. కానీ షట్టర్ దించిన రోజు ఆదాయం ఉండదు, ఈఎంఐ ఆగదు. నెలలో ఎనిమిది పది రోజులు ఆరోగ్యం సహకరించని వాళ్లు కొట్టులో ఇంకొకరిని పెట్టుకునే వీలుంటేనే దిగండి. పెదనాన్న చెప్పిన జిరాక్స్ మిషన్ నేను కొనలేదు. మా వీధిలో అప్పటికే రెండున్నాయి.

## ఇంటి నుంచి పని

కంపెనీ ఉద్యోగమే ఇంటి నుంచి చేయనిస్తే అంతకన్నా కావాల్సింది లేదు, ముఖ్యంగా వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకు. కానీ ఆ అవకాశం అనుభవం ఉన్నవాళ్లకు ఎక్కువ, కొత్తవాళ్లకు తక్కువ. ఫోన్‌లో వచ్చే "ఇంట్లో కూర్చుని టైపింగ్, రోజుకు రెండు వేలు" ప్రకటనలన్నీ వేరే సంగతి. రిజిస్ట్రేషన్ ఫీజు అడిగారంటే ఫోన్ పెట్టేయండి.

## ఒక చూపులో

| | ప్రభుత్వ ఉద్యోగం | ప్రైవేటు | సొంత పని |
|---|---|---|---|
| దొరకడానికి పట్టే కాలం | ఏళ్లు | వారాలు, నెలలు | రుణం కాగితాలకు నెలలు |
| చేతి నుంచి పెట్టేది | కోచింగ్, కాలం | నగరంలో మొదటి రెండు నెలల ఖర్చు | సొంత వాటా, నిలదొక్కుకునే దాకా ఇంటి ఖర్చు |
| వైకల్యం పెరిగితే | చట్టం రక్షణ ఉంది | మేనేజర్‌ను బట్టి | మనల్ని బట్టి |
| పెన్షన్ | ఆగుతుంది | ఆదాయాన్నిబట్టి | ఆదాయాన్నిబట్టి |
| రానూపోనూ | పోస్టింగ్ మన చేతిలో ఉండదు | ఎంచుకోవచ్చు | దాదాపు లేదు |

## ఎవరికి ఏది

డిగ్రీ అయి, ఇంట్లో రెండేళ్లు ఆదుకోగలిగితే: ఒక గడువు పెట్టుకుని బ్యాంకు, స్టాఫ్ సెలెక్షన్ పరీక్షలకు కూర్చోండి. గడువు దాటగానే ప్రైవేటులో చేరి చదువు కొనసాగించండి. నేను ఈ గడువు పెట్టుకోకపోవడం వల్లే ఆ ఎనిమిది నెలలు పోయాయి.

ఇల్లు గడవాల్సింది మీ జీతంతోనే అయితే: ప్రైవేటే, అదీ వీలైతే సొంత జిల్లా కేంద్రంలో. నగరంలో 15,000 కన్నా ఇంటి దగ్గర 11,000 మేలు.

ముదిరే వైకల్యం ఉంటే: ప్రభుత్వ ఉద్యోగానికి గట్టిగా ప్రయత్నించండి, 20వ సెక్షన్ రాసింది మీలాంటి వాళ్ల కోసమే. ఈలోపు కంప్యూటర్ మీద చేసే పనే నేర్చుకోండి.

పదో తరగతితో ఆగిపోయి, ఊళ్లోనే ఉండక తప్పనివాళ్లు సొంత పని చూడండి. ముందు ఊళ్లో లేనిదేదో కనుక్కోండి, ఆ తర్వాత రుణం.

మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు పై లెక్క సరిగా వర్తించదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో పరీక్ష చేయించి, పిల్లవాడు ఏ పనిని విసుగు లేకుండా మళ్లీ మళ్లీ చేయగలడో కనుక్కోండి. పనిచోట మొదటి కొన్ని వారాలు పక్కనే ఉండి నేర్పేవాళ్లు ఉంటేనే నిలబడతారు. ఒక్కోసారి ఆ మనిషి తల్లే అవుతుంది, కాబట్టి ఇంటికి నడిచివెళ్లే దూరంలో ఉన్న చిన్న ప్యాకింగ్ షెడ్డు నగరంలోని పెద్ద కంపెనీ కన్నా మంచి చోటు.

ఇప్పటికే ఉద్యోగంలో ఉండి ప్రమాదంలోనో జబ్బుతోనో వైకల్యం వచ్చినవాళ్లు మాత్రం ఒక్క పని చేయకండి. "ఆరోగ్య కారణాలతో రాజీనామా చేస్తున్నాను" అనే కాగితం మీద సంతకం పెట్టకండి, ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చినా సరే. ప్రభుత్వ సంస్థ అయితే వేరే పోస్టుకు మార్చమని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దానికి లాయర్ అక్కర్లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాసినా తీసుకుంటారు.